ప్లేటుకు వదలాల్సిన మాట

చిరంజీవి అమ్ములుకు,

నీ కథల కట్ట, దాంతోపాటు పంపిన ఎచింగ్ ప్రూఫులు అందాయి. మధ్యలో టిష్యూ పేపరు వేసి, అట్టల మధ్య బిగించి పంపావు కాబట్టి ఎక్కడా మడత పడలేదు. కథలు తీరిగ్గా చదివాను. ప్రూఫులు కిటికీ వెలుతురులో పెట్టి చూశాను. నీ ఉత్తరం చివర అడిగిన ప్రశ్నకే ముందు జవాబు చెబుతాను. అదే నిన్ను నిద్రపోనివ్వడం లేదని తెలుస్తూనే ఉంది.

కథలు బాగున్నాయి, బొమ్మలు మేం వేయించుకుంటాం అని ఒక సంపాదకుడు అన్నాడని రాశావు. ప్రింట్లు బాగున్నాయి, పక్కన ఈ రాత ఎందుకు అని ఒక గ్యాలరీ వాళ్లు అడిగారని రాశావు. మీ నాన్నేమో రెండు పడవల మీద కాళ్లు పెట్టొద్దన్నాడు. ఏదో ఒకటి వదిలెయ్యమంటావా అత్తయ్యా అని అడిగావు.

వద్దు. రెండింట్లో ఏదీ వదలొద్దు. అయితే రెండూ చేస్తున్నాను కదా అని ప్రతి కథకూ ఒక ఎచింగ్ ప్లేటు చేసుకుంటూ పోతే ఆ సంపాదకుడి మాటే నిజమవుతుంది. నీ కథల్లో ఏది ప్లేటు మీద బతుకుతుంది, ఏది వాక్యంలోనే బతుకుతుంది, దేనికి రెండూ కావాలి అన్నది నువ్వే తేల్చాలి. ఆ పని సంపాదకుడి వల్ల కాదు, గ్యాలరీ వల్ల కాదు, నా వల్లా కాదు. తేల్చడం ఎలాగో మాత్రం నాకు తెలిసినంత చెబుతాను.

మన దగ్గర రాసేవాళ్లు బొమ్మలు వెయ్యడం కొత్త కాదు. అడివి బాపిరాజు బందరు జాతీయ కళాశాలలో ప్రమోద్ కుమార్ ఛటర్జీ దగ్గర చిత్రకళ నేర్చుకున్నాడు. నవలలూ రాశాడు, బొమ్మలూ వేశాడు. బుచ్చిబాబు ప్రకృతి దృశ్యాలు చిత్రించాడు. ‘మైనా’ రాసిన శీలా వీర్రాజు చిత్రకారుడు కూడా. ఇక వారపత్రికల సంగతి నీకు తెలిసిందే. కథ ఒకరిది, బొమ్మ ఇంకొకరిది. పాఠకుడు ముందు బొమ్మ చూస్తాడు, ఆ తర్వాత కథలోకి దిగుతాడు. అక్కడ బొమ్మ గుమ్మం దగ్గర నిలబడి లోపలికి పిలుస్తుంది, అంతకు మించి దాన్నుంచి ఎవరూ ఏమీ ఆశించరు. బాపు లాంటివాడి చేతిలో ఆ పిలుపు కూడా గొప్ప కళ అయింది. కానీ వేరొకరి కథకు బొమ్మ వేసేవాడు కథకుడు చెప్పిందాన్ని దాటి వెళ్లలేడు. నువ్వు వెళ్లగలవు. కథ నీదే కాబట్టి, చెప్పకుండా దాచుకున్నది ఏమిటో నీకు తెలుసు. ఆ దాచుకున్నదే ప్లేటు మీదికి రావాలి.

దీనికి నాకు తెలిసిన గట్టి ఉదాహరణ షికాగో నగరానికి చెందిన ఆడ్రీ నిఫెనెగర్. 1963లో పుట్టింది, షికాగో పక్కనే ఉన్న ఇవాన్‌స్టన్‌లో పెరిగింది. ‘ది టైమ్ ట్రావెలర్స్ వైఫ్’ నవలతో ఆవిడ పేరు ప్రపంచమంతా తెలిసింది. నువ్వూ ఆ నవల చదివే ఉంటావు. ఆవిడ చదువు మాత్రం చిత్రకళలో. ఆ నవల 2003లో వచ్చింది. అప్పటికి ఎన్నో ఏళ్లుగా ఆవిడ తన కథలకు తనే ఎచింగ్‌లు చేసి, చేత్తో ప్రింటు తీసి, చేత్తో బైండు చేసుకుంటోంది. 1987 నుంచే షికాగోలో ప్రింట్‌వర్క్స్ అనే గ్యాలరీ ఆవిడ పనిని ప్రదర్శిస్తూ వచ్చింది. ‘ది అడ్వెంచరెస్’ అనే పుస్తకం ఇరవైల వయసులో చేసింది. ‘ది త్రీ ఇన్సెస్టుయస్ సిస్టర్స్’ అనే రెండో పుస్తకానికి పద్నాలుగేళ్లు పట్టింది. చేత్తో చేసిన ప్రతులు పదంటే పదే. అబ్రమ్స్ అనే ప్రచురణ సంస్థ వాటిని అందరూ కొనుక్కునే పుస్తకాలుగా వేసింది 2005, 2006లలో, అంటే నవలకు పేరొచ్చిన తర్వాత. ఈ వరస గుర్తుపెట్టుకో. ముందు పది ప్రతులు, తర్వాతే లోకం.

ఆ అక్కచెల్లెళ్ల పుస్తకం ఎక్కడైనా దొరికితే ప్రతి పేజీ దగ్గరా ఆగి చూడు. సముద్రం ఒడ్డున ఒక ఇంట్లో ముగ్గురు అక్కచెల్లెళ్లు ఉంటారు. లైట్‌హౌస్ కాపలావాడి కొడుకు వస్తాడు, ఒకామెను ప్రేమిస్తాడు, ఇంకొకామె అసూయతో రగిలిపోతుంది. మాటలు చాలా తక్కువ. ఒక వాక్యం, ఎదురుగా ఒక యాక్వాటింట్. ముగ్గురి జుట్టూ మూడు రంగులు: ఒకామెది పసుపు, ఒకామెది ఎరుపు, ఒకామెది నీలం. చూడు, ఎంత పని తప్పిందో! ఈ పేజీలో ఏడుస్తున్నది ఎవరు, తలుపు చాటున నిలబడింది ఎవరు అని ఎక్కడా రాయనక్కర్లేదు, జుట్టే చెబుతుంది. అసూయ గురించి పేరాలు రాయాల్సిన చోట ఆవిడ చీకటిని ముదురు చేసింది. ఆ కథ ప్లేటు మీదే పుట్టింది. మాటలు తోడుగా మాత్రమే వచ్చాయి.

ఇప్పుడు ‘ది టైమ్ ట్రావెలర్స్ వైఫ్’ సంగతి చూడు. 1997లో ఆ ఆలోచన వచ్చినప్పుడు దాన్ని కూడా బొమ్మల నవలగానే చేద్దామనుకుంది. కాలంలో ఒక్కసారిగా ముందుకూ వెనక్కూ దూకడాన్ని కదలని బొమ్మలతో చూపించడం చాలా కష్టమని తెలిశాక బొమ్మలు పక్కన పెట్టి వాక్యాలతో రాసింది. చేతిలో అంత నైపుణ్యం ఉన్న మనిషి ఆ నైపుణ్యాన్ని ఆ కథకు అక్కర్లేదని వదులుకుంది. నాకు ఆవిడలో అన్నిటికంటే నచ్చింది ఇదే. వదులుకున్న కళ కూడా ఎక్కడికీ పోలేదు. నాయిక క్లేర్‌ను కాగితంతో బొమ్మలు చేసే కళాకారిణిగా మలిచింది.

మూడోది ‘రావెన్ గర్ల్’. 2013లో లండన్‌లో రాయల్ బ్యాలే వాళ్ల కోసం వేన్ మెక్‌గ్రెగర్ చేసిన నృత్యరూపకంతో పాటు వచ్చింది. ఒక పోస్ట్‌మ్యాన్ కాకి జాతి పక్షిని ప్రేమిస్తాడు. వాళ్లకు పుట్టిన పిల్లకు రెక్కలుండవు, కానీ ఎగరాలని ఉంటుంది. ఇక్కడ మాట నిండుగా ఉంది. మన అమ్మమ్మలు చెప్పినట్టు కథ నడుస్తుంది, యాక్వాటింట్లు మధ్యమధ్యలో వస్తాయి. ఒకే మనిషి మూడు కథలను మూడు రకాలుగా చేసింది. ఏ కథకు ఏది తగునో ప్రతిసారీ మొదటినుంచి ఆలోచించింది. నువ్వు నేర్చుకోవాల్సింది ఆవిడ గీత కాదు, ఆ ఆలోచన.

ఇక నీ కట్ట విప్పుదాం. హాస్టల్ కథకు ప్లేటు వద్దు. అదంతా సంభాషణ. ఆ ఇద్దరి మాటల వేగాన్ని ఏ బొమ్మ పెట్టినా ఆపేస్తుంది. ఆ ప్రూఫు ఎంత అందంగా ఉన్నా తీసెయ్. మేడ మీద కోతుల కథకు ఎచింగ్ కంటే నాలుగు ఇంకు గీతలు చాలు, దాని గురించి ఎక్కువ ఆలోచించకు.

సంగమేశ్వరం కథ దగ్గర మాత్రం నేను ఆగిపోయాను. శ్రీశైలం రిజర్వాయరు కింద ఊరు మునిగిపోయిన ముసలామె ఏటా ఎండాకాలంలో నీళ్లు తగ్గి గుడి బయటపడ్డప్పుడు వచ్చి, ఒడ్డున కూర్చుని వెళ్లిపోతుంది. ఊరి గురించి ఒక్క మాట మాట్లాడదు. మనవరాలు అడిగినా గుడి గురించే చెబుతుంది, వేపచెక్క లింగం గురించే చెబుతుంది. అంత నిగ్రహంతో రాశావు, నాకు గర్వంగా ఉంది. మరి ప్లేటులో ఏం చేశావు? ముసలామె ఒడ్డున కూర్చుంది, ఎదురుగా గుడి శిఖరం, చుట్టూ నీళ్లు. నీ మొదటి పేరా చెప్పిందాన్నే మళ్లీ చెప్పావు. చదివినవాళ్లకు ఆ బొమ్మ కొత్తగా ఏమీ ఇవ్వదు. బొమ్మ ముందు చూసినవాళ్లకు ఆ పేరా కొత్తగా ఏమీ ఇవ్వదు.

ఆమె మాట్లాడని ఊరిని ప్లేటు మాట్లాడనివ్వు. ఎలాగో చెబుతాను, దీన్ని శ్రద్ధగా చదువు.

ఒకే ప్లేటు తీసుకో. మొదట ఊరు మొత్తం గియ్యి: ఇళ్లు, అరుగులు, రచ్చబండ, బావి, వేపచెట్టు, దూరంగా గుడి. నీళ్లు వద్దు, ముసలామె వద్దు. హార్డ్ గ్రౌండ్ మీద సూదితో గీతలు గియ్యి. యాసిడ్‌లో మరీ ఎక్కువసేపు ఉంచకు, గీత పల్చగా, లోతు తక్కువగా ఉండాలి. ప్రూఫ్ తియ్యి. అది మొదటి స్టేట్. తర్వాత స్క్రేపర్‌తో, బర్నిషర్‌తో ఆ ఇళ్లను రుద్దెయ్యి. పూర్తిగా పోవు. రుద్దిన చోట ప్లేటు కొంచెం గుంట పడి ఇంకు పట్టుకుంటుంది, గోడల జాడ బూడిదరంగులో మిగులుతుంది. మామూలుగా అయితే విద్యార్థులు దాన్ని లోపమనుకుంటారు, వెనకనుంచి సుత్తితో కొట్టి సరిచేస్తారు. నువ్వు సరిచెయ్యకు, నీ కథకు కావాల్సింది ఆ జాడే. దాని మీద రోజిన్ పొడి చల్లి యాక్వాటింట్ పెట్టు. శిఖరాన్ని, ఆకాశాన్ని స్టాప్‌అవుట్ వార్నిష్‌తో కప్పు. ప్లేటును యాసిడ్‌లో ఒక్కసారిగా ముంచకు, కింది అంచునుంచి కొంచెం కొంచెంగా దించుతూ పో. ముందు దిగిన భాగాన్ని యాసిడ్ ఎక్కువసేపు తింటుంది, అక్కడ నలుపు చిక్కగా వస్తుంది. పైకి వచ్చేకొద్దీ పల్చబడుతుంది. ఊరి మీదికి నీళ్లు ఎలా ఎక్కాయో నీ ప్లేటు మీదికి యాసిడ్ అలాగే ఎక్కుతుంది. మొదటి స్టేట్ కథ మొదట్లో, రెండోది కథ చివర. ముసలామెను ఎక్కడా గియ్యకు. ఆమె నీ వాక్యాల్లో బలంగా ఉంది, అక్కడే ఉండనీ.

ఒకే ప్లేటును ఇలా మార్చుకుంటూ పోవడం పెద్దవాళ్లు చేసిన పనే. రెంబ్రాంట్ ‘మూడు శిలువలు’ ప్లేటు మీద 1653 అని తేదీ ఉంటుంది. తర్వాత అదే ప్లేటులో చాలామంది మనుషుల్ని గీకేసి, చీకటిని కుండపోతగా దింపి, దాదాపు వేరే బొమ్మే చేశాడు. నువ్వు కథను తిరగరాస్తావు కదా, పాత ప్రతి చించేస్తే పాఠకుడికి దాని ఆనవాలు దొరకదు. ఎచింగ్‌లో తిరగరాత కింద పాత రాత కనిపిస్తుంది. కథ రాసేవాళ్లకు ఈ మాధ్యమం ఇచ్చే అతి పెద్ద వరం ఇదేనని నా నమ్మకం.

కింద రాసే మాటల గురించి కూడా అడిగావు. గోయా 1799లో ‘లాస్ కాప్రిచోస్’ వేసినప్పుడు 80 ప్లేట్లకూ కింద చిన్న చిన్న మాటలు రాశాడు. బొమ్మలో ఏముందో ఆ మాటలు వివరించవు, చూసేవాడిని ఇంకో ప్రశ్నలోకి తోస్తాయి. నీ ప్లేట్ల కింద పేరు అవసరమనిపిస్తే ఆ తీరుగా ఆలోచించు. ‘మునిగిన ఊరు’ అని మాత్రం రాయకు.

తెలుగు అక్షరాలు ప్లేటు మీదే చెక్కాలని ఉందన్నావు. విలియం బ్లేక్ 1789లో ‘సాంగ్స్ ఆఫ్ ఇన్నొసెన్స్’ అలాగే చేశాడు. పద్యం, బొమ్మ ఒకే రాగి ప్లేటు మీద చేసేవాడు. ప్రింటింగ్‌లో, రంగులద్దడంలో భార్య క్యాథరిన్ సాయం పట్టేది. ప్లేటు మీద అంతా తిరగేసి రాయాలి మరి. మన ఒత్తులూ గుడులూ ఏత్వాలూ తిరగేసి రాస్తూ కథంతా చెక్కాలంటే నీ కళ్లూ పోతాయి, కథ మీద దృష్టీ పోతుంది. ఒకటి రెండు మాటలైతే ట్రేసింగ్ పేపరు మీద రాసి, బోర్లించి దించుకో. మిగతాది అచ్చులో ఉండనీ.

ఈ తిరగబడటం దగ్గరే ఇంకో మాట. నీ రెండో ప్రూఫులో చెల్లెలి పైట కుడి భుజం మీద ఉంది. వాళ్ల నాన్న చొక్కా జేబు కుడివైపు ఉంది. ప్లేటు మీద సరిగ్గానే గీసి ఉంటావు, ప్రింటులో తిరగబడింది. గ్యాలరీలో ఎవరూ పట్టించుకోరేమో. కానీ కథ చదివిన తెలుగు పాఠకురాలు వెంటనే పట్టేస్తుంది. ఆ ఒక్క పైటతో మీ ఇంటి కథ ఎవరి ఇంటిదో అయిపోతుంది. సంగమేశ్వరం తెలిసినవాళ్లకు నది ఏ పక్కన ఉందో కూడా తెలుస్తుంది. గీసే ముందు స్కెచ్‌ను అద్దంలో చూసుకుని గియ్యి.

ఇంట్లో వెనక వరండాలో నైట్రిక్ యాసిడ్ పెట్టుకున్నానని రాశావు. నాకు భయం వేసింది. ఆ గోధుమరంగు పొగ ఊపిరితిత్తులకు విషం. ఎప్పుడైనా నీళ్లలోకే యాసిడ్ పొయ్యాలి, యాసిడ్‌లోకి నీళ్లు పొయ్యకూడదు. చేతికి గ్లౌజులు, కళ్లకు అద్దాలు ఉండాలి. రోజిన్ పొడి చల్లేటప్పుడు మాస్కు పెట్టుకో, దగ్గర్లో మంట ఉంచకు. గాలిలో లేచిన ఆ పొడి అంటుకుంటుంది. నువ్వు వాడేది జింకు ప్లేటు కాబట్టి ఇంటి దగ్గర మైలుతుత్తం, ఉప్పు కలిపిన నీళ్లతో ఎచింగ్ చేసుకోవచ్చు. నైట్రిక్ అంత ప్రమాదం లేదు, గీత శుభ్రంగా వస్తుంది. దాన్ని కూడా నోటికీ పిల్లలకూ దూరంగా పెట్టాలి, వాడిన నీళ్లు మొక్కల్లో పారబొయ్యకూడదు. నైట్రిక్ కావాల్సిన పనులకు మంచి గాలి, ఎగ్జాస్ట్ ఉన్న స్టూడియోకే వెళ్లు. చెన్నై గ్రీమ్స్ రోడ్డులో లలిత కళా అకాడమీ ప్రాంతీయ కేంద్రం ఉంది, అక్కడ గ్రాఫిక్స్ స్టూడియో సౌకర్యాల గురించి అడుగు.

రంగుల గురించి తొందరపడకు. ఒకే ప్లేటు మీద చిక్కదనం వేరువేరుగా ఉన్న ఇంకులను మెత్తటి, గట్టి రోలర్లతో ఎక్కించి ఒకేసారి అనేక రంగుల్లో ప్రింటు తీసే పద్ధతిని పారిస్‌లో ప్రింట్‌మేకర్ హేటర్ స్టూడియోలో తీర్చిదిద్దినవాళ్లలో ముఖ్యుడు మన చిత్తూరు వైపు నందనూరులో 1925లో పుట్టిన కృష్ణారెడ్డి. ఆయన పని తప్పకుండా చూడాలి, నేర్చుకోవాలి కూడా. అయితే ఆయన రంగు ఆయన ఆలోచనలోంచి వచ్చింది. నీ కథలకు ఇప్పుడు కావాల్సింది నలుపులో రకాలు. దానికి లక్ష్మాగౌడ్ ఎచింగ్‌లు చూడు. మెదక్ జిల్లా నిజాంపూర్‌లో పుట్టి, ఆ పల్లె మనుషుల్ని, మేకల్ని, చెట్లను అంత సన్నని గీతలో పెట్టినాయన. పక్కన ఒక్క వాక్యం లేకుండానే ఆ బొమ్మలు కథ నడుపుతాయి. వాక్యం రాసే నువ్వు, వాక్యం అక్కర్లేని ఆయన దగ్గర నేర్చుకోవాల్సింది చాలా ఉంది. మన దేశంలో ఎచింగ్ మొదలుపెట్టినవాళ్లలో ఒకరైన ముకుల్ డే, 1916లో రవీంద్రనాథ్ ఠాగూర్ వెంట జపాన్ వెళ్లి, అక్కణ్నుంచి అమెరికా వెళ్లి ఈ విద్య నేర్చుకున్నది కూడా ఆడ్రీ ఊరు షికాగోలోనే. అది గుర్తొచ్చినప్పుడల్లా నాకు సంతోషంగా ఉంటుంది.

ఇక పుస్తకం. నీ కట్టలో ప్లేటు కావాల్సిన కథలు నాలుగున్నాయి. ఆ నాలుగింటితో ముందు పది ప్రతులు చేత్తో చెయ్యి. ప్రింట్లు వేరుగా నంబరు వెయ్యకు, పుస్తకానికే నంబరు వెయ్యి. విడిగా అమ్మితే కథ నుంచి ప్లేటు తెగిపోతుంది. జింకు మెత్తన, యాక్వాటింట్ గీత కంటే త్వరగా అరిగిపోతుంది, కాబట్టి పది ప్రతులన్నది చేతికి అందే లెక్క కూడా. కాటన్ కాగితం ముందురోజు తడిపి, ప్లాస్టిక్ కవరులో చుట్టి పెట్టుకో. పదీ ఒకే తీరుగా ఇంకు తుడిచి తియ్యడానికి ఓపిక కావాలి. ఆ ఓపిక నీకుంది, కథలు తిరగరాసిన తీరులో అది కనిపించింది.

ఆ పది ప్రతుల్లో ఒకటి ఆ సంపాదకుడి చేతిలో పెట్టు. నీ బొమ్మలు అదనం కాదని అప్పుడు వాదించనక్కర్లేదు. ఆయన వేస్తానంటే ఒక్క షరతు మాత్రం గట్టిగా పట్టుకో: పల్చటి మ్యాప్‌లితో కాగితం మీద వెయ్యొద్దని. యాక్వాటింట్ బూడిదరంగులు దాని మీద మసిబారిపోతాయి, వెనకపేజీ అక్షరాలు ఆకాశంలో కనిపిస్తాయి. ప్రూఫును నువ్వే స్కాన్ చేయించి ఇవ్వు. ప్లేటు మీద మిగిలే ఆ పల్చటి ఇంకు పొరను మురికి అనుకుని కంప్యూటరులో తెల్లగా తుడిచేస్తారు, తుడవనివ్వకు.

మీ నాన్నతో నేను మాట్లాడతాను. నీకు నాలుగేళ్లు పట్టినా, పదేళ్లు పట్టినా కంగారు పడొద్దని ఆయనకు చెప్పే పూచీ నాది. ఈ నాలుగు కథలు ఇంకొకరు రాయలేరు, ఇంకొకరు గియ్యలేరు. అది మాత్రం నాకు రూఢిగా తెలుసు.

సంగమేశ్వరం ప్లేటు మొదటి స్టేట్ ప్రూఫులు పుస్తకాలకు సరిపడా, ఇంకో నాలుగు ఎక్కువే తీసి ఆరబెట్టాకే స్క్రేపర్ చేతిలోకి తీసుకో. ఒకసారి గీకాక ఆ ఊరు మళ్లీ రాదు. అందులో ఒకటి నాకు పంపు.

ఆశీస్సులతో,
అత్తయ్య